క్యూ అనే చిన్న మాటకి అయిదు అక్షరాలెందుకు?

తిరుపతి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఏడో తరగతి చదివే వాళ్ళ పాప డిక్టేషన్‌లో 'క్యూ' అనే ఇంగ్లీషు మాటని క్యూ-యూ-ఈ-యూ-ఈ అని అయిదు అక్షరాలతో రాయాల్సింది, క్యూ-యూ-ఈ అని మూడిటితో ఆపేసింది. మార్కు పోయింది. ఇంటికొచ్చి, "మొదటి అక్షరం పేరే క్యూ కదా, అదొక్కటి రాస్తే చాలదా? వెనకాల ఇంకో నాలుగు ఎందుకు?" అని అడిగిందట. తల్లికి ఇంకో మూడు సందేహాలున్నాయి. బిలియర్డ్స్ ఆడే కర్రనీ, నాటకంలో నటుడికి అందించే సైగనీ కూడా క్యూ అంటారు, కానీ దాని స్పెల్లింగ్ సీ-యూ-ఈ. అవి దీనికి చుట్టాలా? కొండమీద అందరం 'క్యూలైన్' అంటాం, క్యూ అంటేనే లైను కదా, అలా అనడం తప్పా? ఐ-ఎన్-జీ చేర్చేటప్పుడు చివరి ఈ అక్షరం ఉంచాలా, తీసెయ్యాలా?

అమ్మా, మీ పాప అడిగింది చాలా మంచి ప్రశ్న. ఇంగ్లీషు పాఠాలు చెప్తూనే నా ఉద్యోగమంతా తిరుపతిలో గడిచింది. ఈ మాట దగ్గర ఆగిపోయిన పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉండేవాళ్ళు. వాళ్ళకి చెప్పిందే మీకూ చెప్తాను. ఈ అయిదు అక్షరాల్లో పని లేకుండా కూర్చున్నది ఒక్కటీ లేదు.

ఇలా ఎందుకంటున్నానంటే, ఈ మాట గురించి ఫోన్లలో తిరిగే ముచ్చట ఒకటుంది. మొదటి అక్షరం ఒక్కటే పనిచేస్తుందనీ, మిగిలిన నాలుగూ దాని వెనకాల తమ వంతు కోసం వరుసలో నిలబడ్డాయనీ చెప్తారు. వినడానికి బాగుంటుంది. కానీ దాన్ని నమ్మిన పిల్లలకి ఇంగ్లీషు స్పెల్లింగులో అర్థం పర్థం ఏమీ లేదనీ, బట్టీ పట్టడం తప్ప దారి లేదనీ అనిపిస్తుంది. ఆ అభిప్రాయం ఒకసారి కుదిరిందంటే వదిలించడం కష్టం. అందుకే ముచ్చట పక్కన పెట్టి, పాపతో ఈ మాటని మూడు ముక్కలు చేయించండి. క్యూ-యూ ఒక ముక్క, ఈ-యూ ఇంకో ముక్క, చివరి ఈ మూడో ముక్క. మొదటిది హల్లు, రెండోది అచ్చు, మూడోది ఒక గుర్తు. ఇవి ఎలా వచ్చాయో తెలిస్తే స్పెల్లింగ్ ఇక మరిచిపోదు.

ఈ మాట ఇంగ్లీషులో పుట్టలేదు, ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచిలో దాని అసలు అర్థం తోక. ఆవు తోక, కుక్క తోక, గాలిపటం తోక, అన్నిటికీ అదే మాట. ఫ్రెంచికి అది లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో తోకని 'కౌడా' అనేవాళ్ళు, జనం వాడుకలో అది 'కోడా' అయింది. ఆ కోడా ఫ్రెంచి నేలమీద వందల ఏళ్ళు నలిగి, మధ్యలోని డ కారం జారిపోయి, ఓ కారం ఇంకో అచ్చుగా మారింది. పాత ఫ్రెంచిలో దీన్ని రకరకాలుగా రాశారు, చివరికి ఇప్పటి అయిదక్షరాల రూపం నిలిచింది.

ఓ కారం అలా మారడం ఈ ఒక్క మాటకే జరగలేదు. లాటిన్‌లో పువ్వు పేరులో ఓ ఉంది. వృక్షశాస్త్రంలో 'ఫ్లోరా' అంటామే, అదే. ఫ్రెంచిలో పువ్వుని రాస్తే ఆ ఓ ఉండాల్సిన చోట ఈ-యూ అనే జంట కనిపిస్తుంది. తోకలోనూ అదే జంట. అంటే మీ పాప స్పెల్లింగులో నడిమి ఈ-యూ ఒక అచ్చుని రాసే పద్ధతి. తెలుగులో ఆ అచ్చు లేదు. పెదవులు 'ఓ' అనడానికి లాగా గుండ్రంగా పెట్టుకుని 'ఏ' అని పలికితే దానికి దగ్గరగా వస్తుంది. పాపతో ఒకసారి అనిపించండి, నవ్వుకుంటూ నేర్చుకుంటుంది.

ఇక మొదటి ముక్క. క ధ్వనికి సీ అక్షరం ఉండగా క్యూ-యూ ఎందుకు? ఫ్రెంచిలో సీ తరవాత ఈ వస్తే దాన్ని స అని పలకాలి. ఇంగ్లీషుకీ ఈ అలవాటు అక్కణ్ణుంచే వచ్చింది. 'సెంటర్', 'సెల్', 'సిమెంట్' అన్నీ సీతో మొదలై స పలుకుతాయి. కాబట్టి ఈ తోకని సీతో మొదలుపెట్టి వెంటనే ఈ-యూ రాస్తే క కారం పోయి స కారం వస్తుంది. క నిలబడాలంటే క్యూ-యూ జంట రాయాలి. మనకి బాగా తెలిసిన 'చెక్' అనే బ్యాంకు కాగితం బ్రిటిష్ స్పెల్లింగులో, 'యునీక్'లో, 'యాంటిక్'లో చివర ఉన్నది ఈ జంటే. 'బొకే'లో, 'మస్కిటో'లో నడుమ ఉన్నదీ అదే. వాటన్నిట్లో దాని పలుకు ఉత్త క.

'క్వీన్', 'క్విక్' మాటల్లో క్వ అని పలుకుతుంది కదా అని పాప అడగొచ్చు. ఆ రెండూ అచ్చంగా ఇంగ్లీషు మాటలు. పాత ఇంగ్లీషులో వాటిని సీ-డబ్ల్యూ అని రాసేవాళ్ళు, పలుకూ అలాగే ఉండేది. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి అలవాటున్న లేఖకులు వచ్చి సీ-డబ్ల్యూ తీసేసి క్యూ-యూ పెట్టారు. పలుకు మారలేదు, రాత మారింది. అందువల్ల ఒకే జంటకి ఇంగ్లీషులో రెండు పలుకులు నిలిచాయి. సొంత మాటల్లో క్వ, ఫ్రెంచి దారిన వచ్చినవాటిలో కొన్నిట్లో క్వ, కొన్నిట్లో క.

చివరి ఈ అక్షరం మూడో ముక్క. ఫ్రెంచిలో తోక అనే మాట స్త్రీలింగం. ఆ భాషలో చాలా స్త్రీలింగ పదాలకి చివర ఈ ఉంటుంది. ఒకప్పుడు దాన్ని మెల్లగా పలికేవాళ్ళు, తరవాత పలుకు పోయి రాత మిగిలింది.

మరి ఫ్రెంచిలో అలా ఉన్నది ఇంగ్లీషులో 'క్యూ' ఎలా అయింది? దీనికి మన ఊళ్ళో అందరికీ తెలిసిన సాక్ష్యం ఉంది: కర్ఫ్యూ. ఫ్రెంచిలో దాని అర్థం 'నిప్పు కప్పండి' అని. మధ్యయుగాల్లో ఇళ్ళు కాలిపోకుండా రాత్రి గంట కొట్టగానే పొయ్యిలో నిప్పు మీద మూత పెట్టాలని నియమం ఉండేది, ఆ గంట పేరే కర్ఫ్యూ. అందులో 'నిప్పు' అనే ఫ్రెంచి ముక్కలో ఉన్న అచ్చూ, తోకలో ఉన్న అచ్చూ ఒకటే, రెండూ ఈ-యూతోనే రాస్తారు. ఆ అచ్చు ఇంగ్లీషువాళ్ళ నోటికి లేదు కాబట్టి దగ్గరగా ఉన్న 'యూ'తో సరిపెట్టుకున్నారు. నిప్పు 'ఫ్యూ' అయింది, తోక 'క్యూ' అయింది. ఆఫీసు ఉత్తర్వుల్లో కనిపించే 'ఇన్ ల్యూ ఆఫ్'లో ల్యూ కూడా అంతే. తేడా ఎక్కడంటే, కర్ఫ్యూకి ఇంగ్లీషువాళ్ళు స్పెల్లింగ్ మార్చుకున్నారు, క్యూని మాత్రం ఫ్రెంచి బట్టలతోనే ఉంచేశారు.

ఇక్కడే మీ పాప మొదటి ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. అక్షరం పేరు క్యూ, మాట పలుకు క్యూ, రెండూ ఒకటి కావడం ఇంగ్లీషులో జరిగిన కాకతాళీయం. ఫ్రెంచిలో ఆ అక్షరం పేరూ తోక పేరూ వేరువేరుగా పలుకుతారు. అక్షరం పేరుకి పెదవులు 'ఊ' అన్నట్టు పెట్టి 'ఈ' అనాలి, తోకకి 'ఓ' అన్నట్టు పెట్టి 'ఏ' అనాలి. అక్షరం పేరు లాటిన్ నుంచి వచ్చింది, ఆ అక్షరం గీత అంతకంటే పాతది, ఫినీషియన్లు అనే ప్రాచీన జనుల 'కోఫ్' అనే అక్షరం దాకా వెళ్తుంది. కింద చిన్న తోక ఉంది కాబట్టి ఆ అక్షరానికి తోక పేరు పెట్టారని కొందరు చెప్తారు, నమ్మొద్దు.

అర్థాల సంగతికి వస్తే, తోక నుంచి జనాల వరుస దాకా ఈ మాట మెట్లు మెట్లుగా నడిచింది. ఇంగ్లీషులో 16వ శతాబ్దంలో వంశ చిహ్నాల భాషలో కనిపిస్తుంది. డాలు మీద గీసే సింహానికి తోక ఎలా ఉండాలో చెప్పేటప్పుడు ఈ మాట వాడేవాళ్ళు. 18వ శతాబ్దంలో మగవాళ్ళు, సైనికులు వెనక్కి దువ్వి కట్టుకునే జడకి ఇదే పేరయింది. బ్రిటిష్ సైన్యం 1808లో ఆ జడని రద్దు చేసింది. చైనాలో చింగ్ పాలకులు 1645లో మగవాళ్ళందరూ ముందు గుండు గీయించుకుని వెనక జడ వేసుకోవాలని ఆజ్ఞ ఇచ్చారు, 1911 విప్లవం దాకా అది నడిచింది. ఆ జడనీ ఇంగ్లీషు చరిత్ర పుస్తకాల్లో క్యూ అనే రాస్తారు. మీ పాప పెద్ద క్లాసులకి వెళ్ళాక చైనా చరిత్రలో ఈ మాట కనిపిస్తే జనం వరుస అనుకోకూడదు.

జనం వరుస అనే అర్థం ఫ్రెంచివాళ్ళకి ముందే ఉంది. ఇంగ్లీషులో దాన్ని అచ్చులో పెట్టిన తొలి రచయితగా నిఘంటువులు థామస్ కార్లైల్‌ని చూపిస్తాయి. ఫ్రెంచి విప్లవం మీద ఆయన 1837లో తెచ్చిన చరిత్రలో, పారిస్ రొట్టెల దుకాణాల ముందు జనం ఒకరి వెనక ఒకరు నిలబడి ముందొచ్చినవాళ్ళు ముందు కొనుక్కునే పద్ధతిని వర్ణిస్తూ ఈ మాట వాడాడు. అప్పటికి ఇంగ్లీషు పాఠకులకి అది కొత్త, అందుకే పక్కనే 'తోకలు' అని కూడా రాశాడు. అంటే ఈ అర్థం ఇంగ్లీషులోకి అడుగుపెట్టింది ఆకలి రోజుల వర్ణనతో. బ్రిటన్‌లో అది బాగా స్థిరపడటానికీ తిండి కరువే ఒక కారణం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1940లో మొదలైన ఆహార రేషన్ 1954 దాకా సాగింది, అన్నేళ్ళూ జనం దుకాణాల ముందు నిలబడ్డారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి కిరసనాయిలు కోసం, చక్కెర కోసం చౌకదుకాణం ముందు నిలబడిన రోజులు గుర్తుంటాయి.

అమెరికావాళ్ళు మాత్రం దీన్ని మామూలు మాటల్లో వాడరు, 'లైన్' అంటారు. అక్కడికి ఈ మాట ఎక్కువగా కంప్యూటర్ల దారినే వెళ్ళింది.

ఒక చిన్న ఆలోచన ఇక్కడ చెప్పాలి. వరుసని ఒక్కో భాష ఒక్కో రకంగా చూసింది. ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ మూడూ తోక అన్నాయి, మూడింటికీ మూలం ఆ లాటిన్ కోడాయే. జర్మన్లు పాము అన్నారు. హిందీలో 'కతార్' అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ అది ఒకదాని వెనక ఒకటి కట్టిన ఒంటెల బారు. తమిళంలో 'వరిసై' మన వరుసకి అక్కాచెల్లెలు. కన్నడంలో 'సరతి సాలు' అంటారు, అందులో సాలు మన పొలాల్లో నాగలి చాలే. మన తెలుగువాళ్ళు పొడుగు చెప్పాలంటే బావి దగ్గరికి వెళ్ళారు, 'కొండవీటి చాంతాడంత క్యూ' అన్నారు. అలిపిరి దగ్గర ఒక గంట నిలబడితే ఈ భాషలన్నీ చెవిన పడతాయి. పాపని తీసుకెళ్ళినప్పుడు ఎవరు ఏమంటున్నారో వినమనండి.

ఇప్పుడు సీ-యూ-ఈ క్యూ. బిలియర్డ్స్, స్నూకర్ ఆడే కర్ర పేరు మన క్యూకి తోడబుట్టినదే. ఆ ఆటలో కర్రని ఫ్రెంచివాళ్ళు తోక మాటతోనే పిలిచారు, ఇంగ్లీషులో ఆ ఆటకి సంబంధించినంతవరకు స్పెల్లింగ్ కుదించుకుని మూడక్షరాలు చేశారు. నాటకంలో సైగ మాత్రం వేరే మాట. ఇంగ్లండులో 16వ శతాబ్దం నుంచే ఉంది. నటుల చేతిప్రతుల్లో, ఎప్పుడు లోపలికి రావాలో ఎప్పుడు మాట అందుకోవాలో తెలియడానికి క్యూ అక్షరం ఒకటి గుర్తుగా రాసేవాళ్ళు. అది 'ఎప్పుడు' అనే అర్థమున్న 'క్వాండో' అనే లాటిన్ మాటకి పొట్టి రూపమని ఎక్కువమంది అభిప్రాయం, నిఘంటువులు 'బహుశా' అని చేర్చి దాన్నే ఇస్తాయి. కాబట్టి మీ సందేహానికి జవాబు: కర్ర చుట్టమే, సైగ చుట్టం కాదు. పరీక్షలో పాప గుర్తుపెట్టుకోవలసింది, మనుషులు గానీ బండ్లు గానీ ఫైళ్ళు గానీ వంతు కోసం ఆగితే అయిదక్షరాలు, సైగకీ కర్రకీ మూడు.

తోక చుట్టాలు ఇంకా ఉన్నారు. సంగీతంలో పాట చివర వచ్చే 'కోడా' నేరుగా ఇటాలియన్ తోక. పిరికివాణ్ణి 'కౌవర్డ్' అంటామే, అది పాత ఫ్రెంచిలో తోక అనే మాటకి ఒక ప్రత్యయం చేర్చి చేసినది. మనం 'తోక ముడిచాడు' అంటామే, దాదాపు అదే ఊహ. చేప వెనక రెక్కకి జీవశాస్త్రంలో 'కాడల్ ఫిన్' అని పేరు. వెన్నుపాము కింది కొస దగ్గర గుంపుగా దిగే నరాలకి డాక్టర్లు 'కాడా ఇక్వైనా' అంటారు, లాటిన్‌లో గుర్రపు తోక. రుయాలోనో స్విమ్స్‌లోనో నర్సింగ్ చదివే అక్క మీ ఇంటి పక్కన ఉంటే పాపతో అడిగించండి, ఆమె బొమ్మ గీసి మరీ చూపిస్తుంది.

చుట్టం అనిపించి కానిది ఒకటుంది, బార్బెక్యూ. హోటల్ బోర్డుల మీద పొట్టిగా బీ-బీ-క్యూ అని రాస్తారు. దాన్ని చూసి చాలామంది మాట చివర కూడా క్యూ-యూ-ఈ రాస్తారు. నిఘంటువులు ముందుగా ఇచ్చే స్పెల్లింగులో చివర సీ-యూ-ఈ ఉంటుంది. గడ్డం నుంచి తోక దాకా జంతువుని మొత్తం కాలుస్తారు కాబట్టి ఆ ఫ్రెంచి మాటలు కలిసి బార్బెక్యూ అయిందని ఒక కథ ఉంది. అది కల్పన. అసలు మాట కరీబియన్ దీవుల్లోని టైనో ప్రజలది, స్పానిష్‌లో 'బార్బకోవా' అయి ఇంగ్లీషుకి వచ్చింది. క్యూఆర్ కోడ్‌లో క్యూ కూడా వేరు, అది 'క్విక్'. ఆ కోడ్‌ని జపాన్‌లో డెన్సో కంపెనీ 1994లో తెచ్చింది.

మన ఊళ్ళో ఇంజినీరింగ్ చదివే పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి కంప్యూటర్ అర్థం కొంచెం చెప్తాను. అక్కడ క్యూ అంటే ముందు చేరింది ముందు బయటికి వచ్చే అమరిక. ప్రింటర్‌కి పంపిన ఫైళ్ళు ఆ క్రమంలోనే వస్తాయి. ఇడ్లీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి పైది ముందు తీస్తే అది స్టాక్. అవసరాన్ని బట్టి కొందరిని ముందు పంపితే ప్రయారిటీ క్యూ. కొండమీద చంటిబిడ్డల తల్లిదండ్రులని, వృద్ధులని వేరే దారిన పంపడం అలాంటిదే. ఈ పాఠంలో పిల్లలు తడబడే చోటు ఒకటుంది. రెండు కొసల నుంచీ చేర్చడానికీ తియ్యడానికీ వీలున్న క్యూకి డీ-ఈ-క్యూ-యూ-ఈ అనే అయిదక్షరాల పేరు ఉంది, దాన్ని 'డెక్' అని పలకాలి. క్యూ నుంచి ఒకదాన్ని తీసే పనికి పూర్తి స్పెల్లింగు ముందు డీ-ఈ చేరుతుంది, దాన్ని 'డీక్యూ' అంటారు. ఇంటర్వ్యూలో రెండూ కలిపేస్తే అడిగేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది.

క్యూల మీద ఒక గణితశాస్త్రమే ఉంది. దానికి పునాది వేసింది డెన్మార్క్‌కి చెందిన ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, ఇన్ని కాల్స్ వచ్చే ఊరికి ఎన్ని లైన్లు ఉంటే జనం ఎక్కువసేపు ఆగక్కర్లేదో లెక్కగట్టాడు. 1909లో ఆయన తొలి వ్యాసం వచ్చింది. ఇప్పటికీ టెలిఫోన్ రద్దీని కొలిచే ప్రమాణం పేరు ఎర్లాంగ్. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఇంకా అందంగా ఉంటుంది, ఏడో తరగతి గుణకారంతో అర్థమవుతుంది. లోపల ఉన్న మనుషుల సంఖ్య, గంటకి వచ్చే మనుషుల సంఖ్యని ఒక్కొక్కరు సగటున ఆగే గంటలతో గుణిస్తే వస్తుంది. ఉదాహరణకి గంటకి 4,000 మంది వస్తున్నారు, అంతే మంది దర్శనం చేసుకుని బయటికి వెళ్తున్నారు, వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో 20,000 మంది ఉన్నారు అనుకుందాం. 20,000ని 4,000తో భాగిస్తే 5. సగటున అయిదు గంటలు ఆగాలి. రాకపోకలు సమంగా సాగుతున్నంతవరకు ఇది పనిచేస్తుంది. ఎవరు ఎంత హడావుడి పడ్డా, మధ్యలో కంపార్ట్‌మెంట్లు ఎన్ని ఉన్నా ఈ లెక్క మారదు.

ఇంకో లెక్క కూడా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే దీన్ని తెలుసుకున్నాక రద్దీని చూసే పద్ధతే మారిపోతుంది. ఒక్క కౌంటర్ ఉంది, జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, ఒక్కొక్కరి పనికి పట్టే సమయం కూడా ఒకేలా ఉండదు. కౌంటర్‌లో మనిషికి పని సగం సమయమే ఉంటే, అక్కడ సగటున ఒక్కరు ఉంటారు. 80 శాతం సమయం పని ఉంటే నలుగురు. 90 శాతానికి తొమ్మిది మంది. 95 శాతానికి పందొమ్మిది మంది. పని కొంచెమే పెరిగింది, వరుస మాత్రం రెట్టింపు దాటింది. పండగ రోజుల్లో శిలాతోరణం దాకా వరుస సాగిపోవడానికీ, టైమ్ స్లాట్ టోకెన్లు ఇచ్చి జనం రాకని రోజంతా సర్దితే ఊరట దొరకడానికీ వెనక ఇలాంటి లెక్కే ఉంది. గణితవేత్త డేవిడ్ కెండాల్ 1953లో ఈ రకరకాల వరుసలకి పొట్టి గుర్తులు పెట్టాడు, ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో అవే వాడతారు.

ఇక మన 'క్యూలైన్'. ఇంగ్లీషు వ్యాసంలో రెండు మాటలూ కలిపి రాయకండి, ఒకటి చాలు. తెలుగులో మాత్రం నేను దాన్ని తప్పనను. కొండమీద జాగ్రత్తగా వినండి. 'క్యూ పెరిగింది' అంటే జనం గురించి. 'క్యూలైన్‌లో ఫ్యాన్లు పెట్టారు', 'క్యూలైన్‌లో నీళ్ళు ఇస్తున్నారు' అన్నప్పుడు ఆ మాట కమ్మీలు కట్టిన దారి గురించి. జనం లేకపోయినా అది క్యూలైనే. అంటే తెలుగువాళ్ళు రెండు ఇంగ్లీషు మాటలు కలిపి, ఇంగ్లీషులో లేని ఒక తేడాని తమ అవసరం కొద్దీ చేసుకున్నారు. కొన్ని చోట్ల పెద్దవాళ్ళు బ్రెడ్డుని 'పావురొట్టె' అంటారు. పోర్చుగీసులో పావు అంటేనే రొట్టె, పక్కన మన రొట్టె చేరింది. అది ఎవరికీ తప్పనిపించదు. క్యూలైన్ కూడా అలాగే మన మాట అయిపోయింది.

బోర్డుల మీదా, మెసేజ్‌ల్లోనూ స్థలం తక్కువని ఒక్క క్యూ అక్షరం రాసి పక్కన కాంప్లెక్స్ అని రాయడం కనిపిస్తుంది. అక్కడ అర్థమైపోతుంది కాబట్టి పేచీ లేదు. పరీక్షలో, దరఖాస్తులో, ఉద్యోగానికి రాసే ఉత్తరంలో మాత్రం అయిదూ రాయాలి. తెలుగులో రాసేటప్పుడు ఈ బాధే లేదు, ఒక్క క్యూ అక్షరంతో పని అయిపోతుంది. అందుకే మన పిల్లలకి ఇంగ్లీషు స్పెల్లింగ్ అంత వింతగా తోస్తుంది.

వాడుకలో రెండు మూడు చూసుకోండి. 'నిలబడ్డాం' అనడానికి ఇంగ్లీషులో 'స్టాండ్ ఇన్ ఎ క్యూ' అంటారు. మనం 'క్యూ కట్టారు' అంటామే, దానికి 'క్యూడ్ అప్' సరిపోతుంది, 'టై' అనే మాటని అక్కడికి లాక్కెళ్ళకూడదు. దేనికోసం అన్నదానికి 'ఫర్' పెట్టాలి: దర్శనం కోసం అంటే 'క్యూ ఫర్ దర్శన్'. మధ్యలో దూరడానికి 'జంప్ ద క్యూ' అంటారు, అమెరికాలో 'కట్ ఇన్ లైన్'.

చివరిగా ఐ-ఎన్-జీ. రెండు స్పెల్లింగులూ ఒప్పే. చివరి ఈ తీసేసి రాసేది మామూలు వాడుకలో ఎక్కువ, నిఘంటువుల్లోనూ చాలావరకు అదే ముందుంటుంది. ఈ ఉంచి రాసేది గణితంవాళ్ళకి ఇష్టం, 'క్యూయింగ్ థియరీ' అని వాళ్ళు రాసేటప్పుడు ఆ ఈ ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని ఉంచితే యూ-ఈ-యూ-ఈ-ఐ అని అయిదు అచ్చక్షరాలు వరసగా వస్తాయి, మామూలు ఇంగ్లీషు మాటల్లో ఇంతకంటే పొడుగు అచ్చుల వరుస దొరకదు. పాపకి నేనైతే స్కూల్లో ఈ లేకుండా రాయమనే చెప్తాను, టీచరు ఈ ఉంచి నేర్పి ఉంటే అలాగే రాయనివ్వండి. ఒకే జవాబుపత్రంలో ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా మాత్రం రాయకూడదు. భూతకాలానికి ఈ సందేహమే లేదు, చివరి ఈ పక్కన ఒక్క డీ చేరిస్తే చాలు.